సంపాదకుని మాట: బొటనవేలు ఆగిన పేజీ
ఈ సంచిక ప్రూఫులు నడికుడి జంక్షన్‌లో మాచర్ల బండి కోసం కూర్చుని దిద్దాను. పక్కన ఒక పెద్దాయన టైంటేబుల్ పుస్తకం తిరగేస్తున్నారు. గుంటూరులోనైనా ఇక్కడైనా పుస్తకం ఒకటే. ఆయన బొటనవేలు మాత్రం మాచర్ల పేజీ మీదే ఆగింది.

జన్యువుల సంగతీ దాదాపు అంతే. కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉన్నవి అవే 20 వేల చిల్లర జన్యువులు. వాటిలో ఏవి పనిలో ఉన్నాయన్నదే తేడా. సియాటిల్‌లోని ఆలెన్ సంస్థ 2012లో ఆ లెక్కే తీసింది. మరణానంతరం దానంగా వచ్చిన రెండు మెదళ్లలో సుమారు 900 చోట్ల, పనిలో ఉన్న జన్యువు తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ కొలిచి చూస్తే, 84 శాతం జన్యువులు ఎక్కడో ఒకచోట పనిచేస్తూ కనిపించాయి. తర్వాత మెదళ్లు ఆరయ్యాయి. ఇన్ని కోట్ల తలలకు ఆరంటే, నాకైతే ఇంకా తక్కువే.

పక్కనే చెన్నైలో ఐఐటీ మద్రాసు 2024లో ‘ధరణి’ని విడుదల చేసింది. అది గర్భస్థ శిశువుల మెదళ్లను 5,132 పొరలుగా చూపే కణాల పటం, జన్యువుల లెక్క కాదు. రెండూ ఉచితమే, ఎవరైనా తెరిచి చూడొచ్చు. లోపలి పేజీల్లో రెండింటి బొమ్మలూ ఇచ్చాం.

ప్రూఫుల్లో తప్పులు మిగిలితే మన్నించండి, చివరి రెండు పేజీలూ బండి కుదుపుల్లో దిద్దినవి.