తోటపని: చలికాలపు గులాబీ

వానలు వెనుకబట్టి, వేకువన మంచు పలుచగా దిగే వేళకు గులాబీని పెంచేవారికి ఒక పరీక్ష ఎదురవుతుంది. వర్షకాలమంతా ఏపుగా పెరిగిన మొక్కను చేజేతులా కత్తిరించవలసి రావడమే ఆ పరీక్ష. మనసు ఒప్పక ఆ పని వాయిదా వేసినవారికి పొడవాటి కొమ్మల చివర చిన్న చిన్న పూలు మాత్రమే దక్కుతాయి. మన దేశపు మైదానాలలో గులాబీకి చలికాలం విశ్రాంతి కాలం కాదు; అదే దాని అసలైన వైభవకాలం.

మన సంస్థ ఉద్యోగులు పలు ప్రాంతాలలో నివసిస్తున్నారు కనుక అందరికీ ఒకే తేదీ చెప్పలేము. ఉత్తరాది మైదానాలలో అక్టోబరు రెండు, మూడు వారాలు కత్తిరింపుకు అనువైనవి. దక్కను పీఠభూమిలోనూ, ఆంధ్ర ప్రాంతంలోనూ వానలు పూర్తిగా తగ్గిన పిమ్మట, అక్టోబరు, నవంబరు మాసాలలో ఈ పని చేయవచ్చు. మంచు కురిసే హిమాలయ ప్రాంతాలలో మాత్రం చలి తగ్గేవరకు ఆగాలి. లేనిచో లేత చిగుళ్లు మాడిపోతాయి. కత్తిరించిన సుమారు 45 నుంచి 50 రోజులకు పూలు వస్తాయి. నూతన సంవత్సరాదికి పూలు కోరుకునేవారు నవంబరు రెండవ వారంలో కత్తెర పట్టాలని ఈ లెక్క చెబుతుంది.

హైబ్రిడ్ టీ రకాలలో బలమైన నాలుగైదు కొమ్మలను ఉంచి, వాటిని నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తుకు కత్తిరించాలి. ఎండినవి, సన్ననివి, ఒకదానితో ఒకటి రాసుకునేవి మొదలంటా తీసివేయాలి. గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలకు తేలికపాటి కత్తిరింపు చాలు. తీగ గులాబీల జోలికి ఎక్కువగా పోరాదు. బయటివైపు చూసే కన్నుకు కొంచెం పైన, ఏటవాలుగా కోత పడాలి.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఒక ఏడాది తొందరలో మొండి కత్తెరతో కొమ్మలను నలిపివేశాము. కోతలకు మందు పూయడం మరునాటికి వాయిదా వేశాము. ఆ మరునాడు రానే లేదు. పక్షం తిరిగేసరికి కొమ్మల చివరలు నల్లబడ్డాయి. ఆ నలుపు రోజురోజుకూ కిందికి దిగి, అంటు కట్టిన చోటును దాటింది. ఎనిమిదేళ్లు మా ముంగిట పూసిన మొక్క సంక్రాంతి నాటికి ఎండుపుల్లగా మిగిలింది. ఎండు తెగులు సోకిన కొమ్మను, లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా కిందికి కత్తిరించి, కోతకు వెంటనే బోర్డో ముద్ద పూసి ఉంటే ఆ మొక్క బ్రతికి ఉండేదేమో!

కత్తిరింపు ముగిసిన పిదప పాదును పైపైన గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు ఎముకల పొడి, కొంత వేపపిండి కలిపి నీరు పెట్టాలి. చలికాలంలో నేల త్వరగా ఆరదు గనుక, పైమట్టి పొడిబారినప్పుడే తడి ఇవ్వాలి. ఉదయం పూట, ఆకులు తడవకుండా మొదట్లో పోయడం శ్రేయస్కరం. రోజుకు ఆరు గంటల ఎండ తగలని మొక్క నుంచి మంచి పూలు ఆశించరాదు.

పగటి ఎండ, రాత్రి చలి కలిసినప్పుడు లేత ఆకులపై బూడిద తెగులు కనిపిస్తుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లితే అది అదుపులోకి వస్తుంది. నల్లమచ్చలు పడి రాలిన ఆకులను ఏరి కాల్చివేయాలి. అంటుకు దిగువ నుంచి లేచే పిలకలు వేరుమూలానివి. వాటిని చూసి మురిసిపోతే అసలు మొక్క క్షీణిస్తుంది. మట్టి తొలగించి, అవి పుట్టిన చోటి నుంచే పెరికివేయాలి.

ఇంత శ్రమకు తీరిక ఏదని కొందరు మిత్రులు అడుగుతుంటారు. డాక్టర్ బి.పి. పాల్ (1906–1989) గోధుమ వంగడాలపై పరిశోధించిన శాస్త్రవేత్త. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు. అంతటి బాధ్యతల నడుమ కూడా ఆయన అనేక కొత్త గులాబీ రకాలను సృష్టించారు. మనకు కావలసినది ఒక ఆదివారపు ఉదయం, పదునైన కత్తెర, కోతకు ఆనాడే మందు పూసే శ్రద్ధ. మూడవదానిని మరచిన ఫలితం మేము చూశాము. పాఠకులు చూడకూడదని మా కోరిక.