ఎలక్ట్రానిక్ సిటీలో సోల్డరింగ్‌కి చోటు లేదా?

క్లబ్‌హౌస్‌లో పిల్లలు అంతరిక్ష నౌక మోడల్ చేయకూడదని కమిటీ నోటీసు. కావాలంటే కిట్ కొనుక్కోవాలట! తమిళ మీడియంలో చదివిన రైల్వే గుమాస్తాలం మేము. తెలుగులో తప్పులుంటే మన్నించండి, విషయంలో తప్పు లేదు.

'స్టార్ ట్రెక్' ఎంటర్‌ప్రైజ్ నౌక కిట్‌లోంచి రాలేదు. 1964లో చెక్క, ప్లాస్టిక్, రేకులతో 11 అడుగుల మోడల్ చేశారు. లైట్ల వైర్లు ఎడమ పక్కన ఉన్నాయని కెమెరాకు కుడి పక్కే చూపించారు. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

మన పిల్లలది పీవీసీ పైపు, రెండు ప్లాస్టిక్ పళ్లేలు. 9 వోల్టుల బ్యాటరీ. ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి 330 ఓమ్‌ల రెసిస్టర్. వెలుగు బయటికి కారకుండా లోపల ముందు నల్లరంగు, దానిపైన తెలుపు. ఇది తెలిసేలోపు మూడు ఎల్‌ఈడీలు మాడాయి. ఆ చదువు ఏ కిట్‌లో దొరుకుతుంది?

ప్రమాదమంటారా? ఆ బ్యాటరీ షాక్ కొట్టదు. సోల్డరింగ్ ఐరన్ కాలుతుంది, నిజమే. పక్కన మేము కూర్చుంటాం, పొగ పోవడానికి కిటికీలు తెరుస్తాం.

ఎలక్ట్రానిక్స్ కోసమే పుట్టిన ఊరు మనది. ఆదివారం రెండు గంటలు గది అడుగుతున్నాం, అంతే. వచ్చే మీటింగ్‌లో చేతులెత్తండి.