ముప్ఫైరెండిళ్లకు ఒకే గాజుపోగు

పిల్లలూ! వెంట్రుకంత సన్నని గాజుపోగులో వెలుగు రూపాన యింటర్నెట్ మన యిళ్లకు వస్తున్నది గదా! ఒక వీధిలో 32 యిళ్లున్నాయనుకోండి. అన్నిటికీ పోగులు వేయడమెలా?

యింటికొకటి చొప్పున కేంద్రం నుంచే లాగవచ్చు. ఎవరిదారి వారిదే, కాని ఖర్చు జాస్తి. లేదా వీధిలో యంత్రం పెట్టి పంచవచ్చు. దానికి కరెంటు కావాలి.

మూడో పద్ధతి తమాషా అయినది. వీధిదాకా ఒకటే పోగు. అక్కడ కరెంటు అక్కరలేని చిన్న గాజు పరికరం వెలుగును 32 పాళ్లు చేస్తుంది. కాలువ నీళ్లలాగా కబుర్లు చీలిపోతాయనుకునేరు! అందరి కబుర్లూ అందరి యిళ్లకూ వెళతాయి. మేష్టరు పేరు పిలిస్తే క్లాసంతా విన్నా, ఆ పేరుగలవాడే లేస్తాడు. అలాగే ఏ యింటి పెట్టె ఆ యింటి కబురే తీసుకుంటుంది. తిరుగు కబుర్లకు మాత్రం వంతులుంటాయి. అందరూ ఒక్కసారే అరిస్తే మేష్టరుకేం వినిపిస్తుంది?

2017లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ యీ పద్ధతినే ఎంచుకున్నది. కరెంటు పోయే వూళ్లకు యిదే మేలని నేనూ అంటాను. అయితే వెలుగు చీలినకొద్దీ నీరసిస్తుంది గనుక యిష్టమొచ్చినన్ని యిళ్లకు పంచలేరు. పైగా జీపాన్ అనే రకంలో పోగు మొత్తానికి వచ్చేది సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లే. పండుగ రాత్రి 32 యిళ్లవారూ ఒక్కసారే సినిమా పెట్టారనుకోండి, యింటికెంత వస్తుందో లెక్కకట్టి చూడండి.