తోలుపని నేర్పేవారు మొదట చెప్పవలసిన మాట

మామిడి కాలం వచ్చిందంటే మా ఉంగుటూరులోనూ, నూజివీడు తోటల చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒక ప్రశ్న ఇంటింటా వినిపిస్తుంది: ‘ఈ కాయ కార్బైడు పెట్టి మగ్గించిందా?’ అడగవలసిన ప్రశ్నే. కార్బైడుతో పండ్లను మగ్గించడం చట్టవిరుద్ధం. అయితే తినే పండు గురించి ఇంత విచారించే మనం, కాలికి తొడుక్కునే చెప్పును, భుజాన వేసుకునే తోలుసంచిని తయారుచేసిన మనిషి ఆ పనిలో ఏమి పీల్చాడని ఎన్నడైనా అడిగామా?

చేతితో చేసిన తోలు వస్తువులకు నేడు మంచి ఆదరణ ఉంది. తరతరాల వృత్తిదారులతో పాటు, ఇంట్లోనే పర్సులు, బెల్టులు చేసి అమ్మాలనుకునే యువతీయువకులూ ఈ పని నేర్చుకుంటున్నారు. సంతోషమే. రంగు మచ్చలు లేకుండా ఎలా పట్టించాలి, జిగురు ఊడకుండా ఎలా అంటించాలి, కుట్టు ఒకే వరుసలో ఎలా రావాలి అని చిట్కాలు చెప్పేవారికి కొదవ లేదు. ‘తలుపులు తెరిచి పనిచేయండి’ అన్న మాట మాత్రం చివర ఎక్కడో ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. అది మొదటి చిట్కా కావాలన్నది నా వాదన. వస్తువు మన్నికను బోధించి మనిషి మన్నికను విస్మరించే బోధనను నేను విద్యగా అంగీకరించలేను.

జిగురు చేసే పని

తోలును అంటించే రబ్బరు జిగుర్లలో హెక్సేన్, టోలుయీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. జిగురు ఆరడమంటే ఆ ద్రావకం గాలిలో కలవడమే. ఆ గాలి చేరేది పనివాడి ఊపిరితిత్తులకే. హెక్సేన్ శరీరంలో మార్పు చెంది పొడవైన నరాలను దెబ్బతీస్తుంది. మొదట కాలివేళ్లు, చేతివేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. తరువాత పట్టు తగ్గుతుంది, నడక తడబడుతుంది. జిగురుకు దూరమైన తరువాత కూడా కొన్ని వారాలు, నెలలపాటు లక్షణాలు ముదరవచ్చు. కోలుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. జపాన్‌లో 1960లలో ఇళ్లలో చెప్పులు అతికించేవారిలో ఈ నరాల జబ్బు పెద్ద సంఖ్యలో బయటపడింది.

బెంజీన్ కలిసిన జిగుర్లు ఇంకా ప్రమాదకరం. ఇస్తాంబుల్‌లో చెప్పులు చేసే కార్మికులకు బెంజీన్ వల్ల రక్తక్యాన్సర్ వస్తున్నదని డాక్టర్ ముజఫర్ అక్సోయ్ 1974లో వైద్యలోకానికి తెలియజేశారు. అంటే అర్ధ శతాబ్దం క్రితమే తెలిసిన విషయమిది. తెలియదని చెప్పే హక్కు ఇక ఎవరికీ లేదు.

ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలునన్న భ్రమ ఒకటి ఉంది. గుడ్డ కొంత దుమ్మును ఆపుతుంది కాని ఆవిరిని ఆపలేదు. అందుకు ఉత్తేజిత బొగ్గు నింపిన గుళిక ఉన్న మాస్కు కావాలి. ఈ ఆవిర్లు గాలి కంటే బరువైనవి, నేలబారున నిలుస్తాయి. మన పనివారు కూర్చునేదీ నేలమీదే. కనుక ఎత్తున ఉన్న చిన్న కిటికీ చాలదు. ఎదురెదురు తలుపులు తెరవాలి, లేదా వసారాలో కూర్చోవాలి. గాలి పక్కనుంచి వచ్చి ముఖానికి తగలకుండా బయటికి పోవాలి. కావలసినంత జిగురు చిన్న గిన్నెలోకి తీసుకుని డబ్బా మూత వెంటనే బిగించాలి. రెండు ముక్కలకూ పలుచగా రాసి, అవి ఆరేంతవరకు బయట ఉంచాలి. ఆ దరిదాపుల్లో పొయ్యి, బీడీ, అగరువత్తి ఉండరాదు. పసిపిల్లలు, గర్భిణులు ఆ గదిలోకే రాకూడదు.

రంగు, దుమ్ము

కొన్ని రంగుల్లో స్పిరిట్ ఉంటుంది. అందులో మిథనాల్ ఉంటే చర్మం ద్వారానూ, శ్వాస ద్వారానూ లోనికి చేరి కంటిచూపుకే ముప్పు తెస్తుంది. బెంజిడిన్ నుంచి పుట్టే రంగులు మూత్రాశయ క్యాన్సర్ కారకాలు. వాటిని మన దేశం 1990లలోనే నిషేధించింది. అయినా పేరు, చిరునామా లేని పొట్లంలో ఏముందో ఎవరు చెప్పగలరు? చౌకగా వచ్చిందని చీటీ లేని పొడి రంగు కొనకండి. నీటి ఆధారిత ద్రవరంగును తొడుగులు వేసుకుని, గుడ్డతో పలుచని పూతలుగా పట్టించండి. జిగురు పడ్డచోట రంగు ఇంకదు, కనుక ముందు రంగు, ఆపైన జిగురు. చేతికంటిన రంగును థిన్నరుతోనో పెట్రోలుతోనో కడగవద్దు. అవి చర్మపు సహజమైన జిడ్డును తొలగించి, విషం లోనికి పోయే దారి సుగమం చేస్తాయి. సబ్బు, నీళ్లు చాలు.

తోలు అంచులను గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే దుమ్ము ముక్కులోనూ, దాని పక్క గదుల్లోనూ క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఆ దుమ్మును పొడి చీపురుతో ఊడ్చి మళ్లీ గాలిలోకి లేపకండి, తడిగుడ్డతో తుడవండి.

కుట్టే అసలు బలం

విచిత్రమేమిటంటే, ఈ పనిలో నాణ్యతా, ఆరోగ్యమూ ఒకే దారిన నడుస్తాయి. సంచికి, బెల్టుకు బలమిచ్చేది కుట్టు. కుట్టేదాకా ముక్కలు కదలకుండా పట్టి ఉంచడమే జిగురు పని. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు గుచ్చి, ప్రతి రంధ్రంలోనుంచి రెండింటినీ ఎదురెదురుగా దూర్చి కుట్టండి. ఒకచోట దారం తెగినా మిగిలిన కుట్టు వెంటనే ఊడిపోదు. అట్టి కుట్టుకు అంచున సన్నని గీతగా నీటి ఆధారిత జిగురు రాసి, క్లిప్పులు పెడితే సరిపోతుంది. డబ్బాలు డబ్బాలుగా ద్రావకపు జిగురు పూయడం చాలాసార్లు కుట్టులోని సోమరితనాన్ని కప్పిపుచ్చడానికే. ఆరె వేలిలో దిగితే సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతపు టీకా వేయించుకుని ఎంతకాలమైందో చూసుకోండి.

‘మా తాతలకు ఏమైంది?’

ఈ మాట తరచుగా వింటాం. తాతలు తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన తోలును ఆరెతో పొడిచి దారంతో కుట్టారు. ఈ ద్రావకాల డబ్బా వారి చేతికి రాలేదు. వారి అనుభవం దీనికి హామీ కాజాలదు. పైగా వారికి ఏమైందో ఎవరు రాసిపెట్టారు? తోలుపనిని కులానికి కట్టిపడేసి, మాదిగవాడల్లోని దగ్గును, తిమ్మిరిని, అకాలమరణాన్ని తలరాతగా కొట్టిపారేసిన సమాజం మనది. లెక్క రాయకుండా వదిలేసినవారే ‘ఏమీ కాలేదు’ అనడం అన్యాయం.

వైద్య మిత్రులకూ ఒక మాట. రోగిని ‘నీవు ఏ పని చేస్తావు?’ అని అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే చెప్పాడు. కాళ్లు తిమ్మిరని వచ్చినవారికి చక్కెర పరీక్షతో పాటు ఆ ఒక్క ప్రశ్న వేయడానికి ఖర్చేమీ లేదు.

2023లో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టేవారు కూడా ఉన్నారు. పనిముట్లకు రూ. 15,000 వరకు సాయం అందుతుంది. లబ్ధిదారులారా, ఆ పనిముట్ల జాబితాలో గుళిక మాస్కు, తొడుగులు ఉన్నాయో లేదో అడగండి. శిక్షణలో మొదటి గంట గాలి గురించి, నిప్పు గురించి చెప్పమని పట్టుబట్టండి. జిగురు అమ్మేవారిని డబ్బాపై హెచ్చరిక తెలుగులో ఎందుకు లేదని నిలదీయండి. ఇంటి వసారాలో ఒంటరిగా పనిచేసేవాని వద్దకు ఏ కర్మాగారాల తనిఖీ అధికారీ రాడు.

ఇక కొనేవారికి. జత చెప్పులకు యాభై రూపాయలు తగ్గించమని బేరమాడే ముందు, ఆ యాభైతో మాస్కు గుళిక మార్చుకోవచ్చునేమో ఆలోచించండి. వేళ్ల తిమ్మిరి, విడవని తలనొప్పి, మూత్రంలో రక్తం, మానని ముక్కుదిబ్బడ, ఉన్నట్టుండి పాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా తోలుపనివారు ఆలస్యం చేయక వైద్యుని కలవాలి. వెళ్లేటప్పుడు మీరు వాడే జిగురు డబ్బాను, రంగు సీసాను మూత బిగించి వెంట తీసుకువెళ్లండి.