దుబాయ్ కోర్టు డిక్రీ నల్గొండలో చెల్లుతుందా? మన ఆస్తులు ఫ్రీజ్ అయ్యేది ఎప్పుడు?

దుబాయ్‌లో వ్యాపారం దెబ్బతింది. బ్యాంకు అప్పు తీర్చకుండానే ఊరికి వచ్చేశారు. మరి కేసు అక్కడితో ముగిసినట్టేనా? కాదు. 2020 జనవరి 17న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో లెక్క మారిపోయింది. యూఏఈ కోర్టులు ఇచ్చే డబ్బు డిక్రీలను ఇప్పుడు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లోనే నేరుగా అమలు చేయించుకోవచ్చు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లకే కాదు.. విదేశాలకు బియ్యం పంపే మిర్యాలగూడ మిల్లరుకైనా, మందులు పంపే జడ్చర్ల కంపెనీకైనా ఇది తెలియాల్సిన విషయమే.

అసలు ఫ్రీజ్ అంటే ఏంటి?

కేసు గెలవడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. తీర్పు వచ్చేలోగా అవతలి వాళ్లు భూమి అమ్మేసి, ఖాతా ఖాళీ చేస్తే డిక్రీ చిత్తు కాగితమే. అందుకే తీర్పుకు ముందే ఆస్తి కదలకుండా ఆపమని కోర్టును అడుగుతారు. ఆస్తి యజమాని పేరు మీదే ఉంటుంది. కానీ అమ్మలేరు, ఇంకొకరికి రాసివ్వలేరు.

లండన్‌లో ఈ పద్ధతికి పేరు తెచ్చిన 1975 నాటి కేసుకు ఇండియాతో లింకు ఉంది. 'మరేవా' అనే ఓడను అద్దెకు తీసుకున్న కంపెనీ రెండు వాయిదాలు కట్టి, మూడోది ఎగ్గొట్టింది. ఆ ఓడలో వస్తున్నది ఇండియాకు ఎరువులు. రవాణా కిరాయి కింద భారత ప్రభుత్వం కట్టిన డబ్బు లండన్ బ్యాంకులో ఆ కంపెనీ ఖాతాలో ఉంది. అది దేశం దాటకుండా అప్పీల్ కోర్టు ఆపేసింది. అప్పటి నుంచి ఇలాంటి ఆర్డర్లకు మరేవా పేరే స్థిరపడింది.

అసలు మెలిక ఇక్కడే

సీపీసీ సెక్షన్ 44ఎ వర్తించేది డబ్బు చెల్లించమని ఇచ్చిన డిక్రీకి మాత్రమే. పన్నులు, జరిమానాలు దీని కిందికి రావు. కేసు నడుస్తుండగా ఇచ్చే మధ్యంతర ఫ్రీజ్ ఆర్డర్ కూడా రాదు. అంటే దుబాయ్ జడ్జి ఫ్రీజ్ అన్నంత మాత్రాన మిర్యాలగూడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఆగిపోదు. దానికి మళ్లీ ఇక్కడి కోర్టే ఆర్డర్ ఇవ్వాలి.

అది అంత తేలిక కాదు. సీపీసీ ఆర్డర్ 38 రూల్ 5 ప్రకారం.. అవతలి వాళ్లు డిక్రీని ఎగ్గొట్టే ఉద్దేశంతోనే ఆస్తులు తరలిస్తున్నారని చూపించాలి. ఇది తీవ్రమైన అధికారమని, అలవాటుగా వాడకూడదని 2007లో రామన్ టెక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉంటే మాత్రం దారి కొంచెం సులువు. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద, 2015 సవరణ తర్వాత, విచారణ విదేశంలో జరిగినా ఇక్కడి హైకోర్టును ఆశ్రయించొచ్చు. ఇందులో ఆర్డర్ 38 రూల్స్‌ను తు.చ. తప్పకుండా పాటించాల్సిన పనిలేదని 2022లో ఎస్సార్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

ఆస్ట్రేలియా బొగ్గు గనుల కోసం భారతీయ బ్యాంకుల నుంచి అప్పు తీసుకున్న జీవీకే గ్రూప్ సింగపూర్ కంపెనీపై 2023 అక్టోబర్‌లో లండన్ కోర్టు తీర్పిచ్చింది. కట్టాల్సింది 200 కోట్ల డాలర్లకు పైనే. ఆ అప్పుకు గ్యారంటీ ఇచ్చిన జీవీకే పవర్ అండ్ ఇన్‌ఫ్రా మాత్రం హైదరాబాద్ కంపెనీ. దానిపై ఐసీఐసీఐ బ్యాంకు వేసిన దివాలా పిటిషన్‌ను 2024 జూలైలో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ అనుమతించింది. పిటిషన్ అనుమతించారంటే మారటోరియం మొదలైనట్టే. కంపెనీ ఆస్తులు అమ్మడానికి ఉండదు. గనులు ఆస్ట్రేలియాలో, తీర్పు లండన్‌లో.. తాళం పడింది మాత్రం ఇక్కడ!

ఏ దేశం తీర్పు ఎలా?

యూఏఈ, బ్రిటన్, సింగపూర్, మలేషియా తీర్పులు 44ఎ జాబితాలో ఉన్నాయి. అమెరికా, సౌదీ లేవు. ఆ దేశాల తీర్పుతో వచ్చేవాళ్లు మూడేళ్లలోగా ఇక్కడ కొత్తగా దావా వేయాల్సిందే.

డిక్రీ వచ్చిందని అంతా అయిపోయినట్టు కాదు. మోసంతో తెచ్చుకున్నదైనా, వాదన చెప్పే అవకాశం ఇవ్వకుండా తీర్పిచ్చినా, కేసు లోతుల్లోకి వెళ్లకుండా తేల్చినా సెక్షన్ 13 కింద అడ్డుకోవచ్చు. సెక్షన్ 60 ప్రకారం రైతు తానుంటున్న ఇంటిని, బతుకుతెరువుకు అవసరమైన వ్యవసాయ పనిముట్లు, పశువులు, విత్తనాలను జప్తు చేయకూడదు. అయితే పొలానికి అలాంటి రక్షణ లేదు.

అందుకే విదేశీ కోర్టు సమన్లు వస్తే 'అది అక్కడి కేసు' అని పక్కన పడేయడమే అసలు ప్రమాదం. నోటీసు సరిగ్గా అంది కూడా హాజరు కాకపోతే, రేపు జిల్లా కోర్టులో 'మా మాట వినలేదు' అనే వాదన నిలబడటం కష్టం. అప్పటికి మిగిలేది పొలం మీద అటాచ్‌మెంట్ నోటీసే.