మాటామంతీ: పచ్చడి సీసాకు ఏం పేరు?

చోవా చూ కాంగ్ నుంచి మన సభ్యురాలొకరు వేసిన ప్రశ్నకే ఈ నెల శీర్షిక సరిపోయింది. ఆవిడ ఇంట్లోనే గోంగూర పచ్చడి, కందిపొడి చేసి తెలిసినవాళ్ళకు అమ్ముతున్నారు. హెచ్.డి.బి. ఇళ్ళలో చిన్న ఎత్తున ఇలాంటి వంట వ్యాపారం చేసుకోవచ్చునన్న సంగతి మనకు తెలిసిందే. ఇప్పుడు సీసాకు చీటీ అంటించాలి. అబ్బాయి 'పుష్ప' అని పెట్టమంటాడట. అత్తగారు 'అన్నపూర్ణ' అంటారట. ఏది మంచిది అని ఆవిడ ప్రశ్న. ఇంట్లో ఇద్దరికీ మాటలు లేవు గనుక త్వరగా చెప్పమన్నారు.

పేర్ల మాట వస్తే ఆ పేటలో ముందు గుర్తు రావలసినవాడు ఫువా చూ కాంగ్. 1997 నుంచి 2007 దాకా టెలివిజన్‌లో గుర్మీత్ సింగ్ వేసిన కాంట్రాక్టరు వేషం అది. పసుపుపచ్చ బూట్లు, ఉంగరాల జుట్టు, బుగ్గమీద పుట్టుమచ్చ. ఆ హాస్య ధారావాహిక పేరే ఒక కంపెనీ పేరు: 'ఫువా చూ కాంగ్ ప్రైవేట్ లిమిటెడ్'. బస్సు బోర్డుమీద జనం రోజూ చదివే ఊరిపేరులో మొదటి ముక్క మార్చి మనిషికి తొడిగారు, అంతే. కొత్తగా నేర్చుకోవలసిన పని ఎవరికీ లేకపోయింది. 1999లో ప్రధాని గో చోక్ టాంగ్ జాతీయ దినోత్సవ సభలోనే ఇతగాడి సింగ్లీషు ప్రస్తావన తెచ్చి, కాస్త ఇంగ్లీషు నేర్చుకుంటే బాగుండునన్నారు. 2003లో సార్స్ వచ్చినప్పుడు జాగ్రత్తలు పాటకట్టి చెప్పిందీ ఈ కాంట్రాక్టరే. పేరు అంతగా పాతుకుపోయింది.

అసలు ఊరిపేరు కూడా ఒకనాటి బ్రాండే అనుకోవచ్చు. గాంబియర్, మిరియాల తోటలు వేసిన రోజుల్లో ఏటి ఒడ్డున స్థిరపడిన తియోచ్యూ చైనావాళ్ళలో చోవా అనేది ఇంటిపేరు. 'చూ' అంటే ఇల్లు, 'కాంగ్' అంటే ఏరు. చోవావారి ఇంటి ఏరన్నమాట. పక్కనున్న లిమ్ చూ కాంగ్ లిమ్‌వారిది. మన ఇంటిపేర్ల పద్ధతికి ఎంత దగ్గరో చూడండి.

ఇక సినిమా పేరు సంగతి. 'పుష్ప' 2021 డిసెంబరులో వచ్చింది; మరుసటి నెలకల్లా సూరత్ వ్యాపారులు ఆ బొమ్మల చీరలు అచ్చువేశారు. చీరకైతే అది చెల్లుతుంది, ఒక పండగ గడిస్తే చాలు. పచ్చడి సీసా పదేళ్ళు అమ్ముకోవలసిన సరుకు. 1977లో కోకాకోలా ఇండియా వదిలి వెళ్ళినప్పుడు ప్రభుత్వమే ఒక పానీయం తెచ్చింది. జనతా పార్టీ గెలిచిన ఏడు గుర్తుగా దాని పేరు 'డబుల్ సెవెన్'. 1980లో ఇందిరాగాంధీ తిరిగి వచ్చాక ఆ పేరును పట్టించుకునే నాథుడు లేకపోయాడు. రుచి సంగతి సరే, పేరులోనే గడువు తేదీ ఉంది!

కోర్టు చిక్కు కూడా లేకపోలేదు. తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడుకోకుండా 2025లో అక్కినేని నాగార్జున ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నారు. హైదరాబాదు చట్నీస్‌లో 'చిరంజీవి స్టీమ్ దోశ' ఉంది కదా అంటారేమో. అది ఆయన మెచ్చిన దోశ. మన గోంగూర సంగతి ఆయనకు తెలియదు.

సినిమా మాటే వద్దనడం లేదు. 'మాయాబజార్' 1957 నాటిది. అందులో ఘటోత్కచుడి పాట మొదటి మాటలే 'వివాహ భోజనంబు' అని హైదరాబాదులో ఒక హోటలుకు పేరయ్యాయి. ఆ పేరు వినగానే ఆకలి వేస్తుంది, సినిమా చూడనివాడికైనా అర్థం తెలుస్తుంది. 'పుష్ప' అంటే పచ్చడి ఎక్కడ గుర్తొస్తుంది? పోలీసులు, ఎర్రచందనం గుర్తొస్తాయిగాని!

అత్తగారి పక్షానికీ ఒక మాట. 'అన్నపూర్ణ' ఇదివరకే చాలామంది వాడేసిన పేరు. వందలో ఒకటిగా కలిసిపోతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో తలనొప్పి మందు తీసినప్పుడు అమృతం, అంజనం అనే పాత మాటలే తీసుకున్నారు, కాని రెంటినీ కలిపి ఎవరికీ లేని 'అమృతాంజనం' చేశారు. పైగా సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టారు. ఆ రోజుల్లో కచేరీయే కదా మన సినిమా హాలు! పేరు పాతది, పంచిన చోటు మాత్రం నాటి జనం కూడే చోటు. ఆ లాభాలతోనే 'ఆంధ్రపత్రిక' నడిచింది.

అందుచేత నా ఓటు ఇద్దరికీ కాదు. సాయంత్రం మనవాళ్ళు పిల్లల్ని ఆడించుకుంటూ ఊరి కబుర్లు చెప్పుకునేది, వంటలు మార్చుకునేది బ్లాకు కింద వాయిడ్ డెక్కులోనే. ఆవిడ తొలి సీసాలు అమ్ముడైందీ అక్కడేనట. 'వాయిడ్ డెక్ పచ్చళ్ళు' అంటే నవ్వకండి; ఇక్కడి పిల్లలకూ తెలుస్తుంది, చైనా పొరుగువాళ్ళకూ నోరు తిరుగుతుంది, ఏ హీరోగారికీ అభ్యంతరం ఉండదు. అది నచ్చకపోతే చోవావారిలాగా శుభ్రంగా ఇంటిపేరు పెట్టుకోవచ్చు.

ఏది పెట్టినా ముందు మేధో సంపత్తి కార్యాలయం రిజిస్టరులో అలాంటిది ఉందేమో చూసుకోవాలి. నమోదైతే పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పొడిగించుకోవచ్చు. చీటీ అచ్చుకు ఇచ్చేముందు పక్కింటావిడచేత ఒకసారి పైకి చదివించండి.