పాత ఖాతాలు ఎక్కడికీ పోలేదు!

ఖరీఫ్ మొదలవుతోంది. ఓ ఎరువుల దుకాణంలోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాంట్లోని బిల్లుల ప్రోగ్రామ్‌నూ, పన్నెండేళ్ల ఖాతాలున్న ఫైలునూ కంప్యూటర్ కుర్రాడు ఇందులోకి ఎక్కించాడు. తీరా ప్రోగ్రామ్ తెరవబోతే తెర మీద ఒకటే మాట: 'డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్'.

''డేటా పోయినట్టుందండీ'' అన్నాడు కుర్రాడు. యజమాని గుండెల్లో రాయి పడింది. ఏ రైతు ఎంత అరువు తీసుకున్నాడో, ఎవరు ఎంత జమ కట్టారో అంతా అందులోనే ఉంది మరి!

నిజానికి ఆ మాటకు అర్థం డేటా పోయిందని కాదు. 'మీరు చెప్పిన పేరుతో చిరునామా దొరకలేదు' అని మాత్రమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో విండోస్ 11కి మారిన దుకాణాలూ ఆఫీసులూ ఎన్నో. పాత ప్రోగ్రామ్‌ను వెంట తెచ్చుకున్నవారికి ఈ చిక్కు ఎదురుకావచ్చు.

దుబాసీ ఉండాల్సిందే

బిల్లుల ప్రోగ్రామ్ వేరు, లెక్కలు దాచే డేటాబేస్ వేరు. ఒకరి భాష మరొకరికి తెలియదు. మధ్యలో దుబాసీలా పనిచేసేదే డ్రైవర్. ఏ ప్రోగ్రామైనా ఏ డేటాబేస్‌తోనైనా మాట్లాడేందుకు వీలుగా మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన పద్ధతి పేరు ఓడీబీసీ. ఫైలు ఎక్కడుంది, ఏ డ్రైవర్‌తో తెరవాలి అన్న వివరాలకు ఒక పేరు పెట్టి దాచుకుంటారు. అదే డీఎస్ఎన్. ఫైలును కాపీ చేస్తే లెక్కలు వస్తాయి గానీ డ్రైవరూ డీఎస్ఎన్నూ వెంట రావు. వాటిని కొత్త కంప్యూటర్‌లో మళ్లీ పెట్టుకోవాలి.

పేరు చూసి మోసపోవద్దు

ఇక్కడే అసలు మెలిక. విండోస్ 11 పూర్తిగా 64 బిట్ వ్యవస్థ. పాత ప్రోగ్రాములు చాలావరకు 32 బిట్‌వి. అవి ఇందులోనూ నడుస్తాయి. కానీ 32 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ డ్రైవరే కావాలి. 64 బిట్‌ది పనికిరాదు. రెండూ కలవకపోతే 'ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్' అన్న మాట తెర మీదికొస్తుంది.

అందుకే విండోస్‌లో ఓడీబీసీ అమరికలకు రెండు వేర్వేరు కిటికీలున్నాయి. రెండు ఫైళ్లకూ ఒకటే పేరు, ఓడీబీసీఏడీ32. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది. సిస్‌వావ్64లో ఉన్నది 32 బిట్‌ది! ఈ తలకిందుల పేర్ల వల్లే చాలామంది ఒకదాంట్లో చేయాల్సిన అమరిక మరోదాంట్లో చేసి తల పట్టుకుంటారు.

ఇలా చేయండి

* ముందుగా ఖాతాల ఫైలుకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో భద్రం చేయండి.

* ప్రోగ్రామ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి 'డిటైల్స్'లోకి వెళ్లండి. వరుసల శీర్షికపై రైట్ క్లిక్ చేసి 'ఆర్కిటెక్చర్' వరుసను చేర్చుకోండి. ఎక్స్86 అని ఉంటే 32 బిట్, ఎక్స్64 అని ఉంటే 64 బిట్.

* స్టార్ట్‌లో ఓడీబీసీ అని వెతకండి. రెండు పేర్లు వస్తాయి. ప్రోగ్రామ్‌కు సరిపోయే బిట్‌దే తెరవండి.

* 'డ్రైవర్స్' జాబితాలో కావాల్సిన డ్రైవర్ ఉందేమో చూడండి. లేకపోతే డేటాబేస్ తయారీదారు వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోండి. ఎండీబీ రకం యాక్సెస్ ఫైళ్లకైతే 32 బిట్ డ్రైవర్ విండోస్‌తోపాటే వస్తుంది.

* 'సిస్టమ్ డీఎస్ఎన్'లో 'యాడ్' నొక్కి, పాత కంప్యూటర్‌లో ఉన్న పేరునే అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. 'యూజర్ డీఎస్ఎన్'లో పెడితే ఆ ఒక్క లాగిన్‌కే కనిపిస్తుంది. గుమాస్తా తన లాగిన్‌తో తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బిల్లులు వస్తున్నా ఎక్సెల్‌లోకి లెక్కలు రావడం లేదా? ఆ ఎక్సెల్ 64 బిట్‌ది అయ్యుండొచ్చు. అప్పుడు 64 బిట్ డ్రైవర్ కూడా పెట్టుకుని, అదే పేరుతో అక్కడా ఒక సిస్టమ్ డీఎస్ఎన్ చేసుకోవచ్చు. రెండు జాబితాలూ వేరు కాబట్టి గొడవ రాదు.

ఎరువుల దుకాణంలో జరిగిందీ ఇదే. కుర్రాడు డీఎస్ఎన్ చేశాడు గానీ 64 బిట్ కిటికీలో చేశాడు. 32 బిట్‌దాంట్లో మళ్లీ చేయగానే ఖాతాలన్నీ వరసగా వచ్చేశాయి. ''పాత కంప్యూటర్ ఇంకా అమ్మలేదు కదండీ?'' అని అడిగి, అందులోని డీఎస్ఎన్ పేరూ, డ్రైవర్ పేరూ, ఫైలు ఉన్న చోటూ యజమాని చేతే చిట్టా పుస్తకం మొదటి పేజీలో రాయించాడు. మీరూ పాతదాన్ని మార్పిడికి ఇచ్చేముందు ఆ మూడూ రాసిపెట్టుకోండి. రేపు ఇంకో కంప్యూటర్ కొన్ననాడు వెతుక్కునే పని ఉండదు.